పెరట్లో పూడ్చిన సద్దులు

పొద్దున్నే పెరటి తలుపు తీసిన జ్ఞానాంబ గడప మీదే ఆగిపోయింది. నిన్న సాయంత్రం దాకా నవనవలాడిన చిర్రాకు మడి మాయమైపోయింది. దాని చోట మంచమంత నేల, జల్లెడ పట్టిన పిండిలా మెత్తగా, ఎర్రగా పరుచుకుని ఉంది. నిండా వరసగా పుల్లలు నాటి, ఒక్కో పుల్లకు ఒక్కో కాగితం ముక్క కట్టి ఉంది. గట్టు మీద మొగుడు ఏకాంబరం చెవులకు నల్లటి డబ్బాలు తగిలించుకుని, పొడుగాటి కర్రకు పళ్ళెంలాంటిది బిగించిన మిషనును నేల మీద అటూ ఇటూ ఊపుతున్నాడు. అరవై దాటిన మనిషి, పంచె ఎగ్గట్టి, లోకం మరచి ఊపుతున్నాడు.

"ఏమయ్యా! నా ఆకు యాడ?"

వినపడితే కదా! జ్ఞానాంబ విసవిసా పోయి ఆయన చెవి మీది డబ్బాను పక్కకు లాగింది.

"కోసి గంపలో పెట్టినాలే. పులగూర చేసుకో," అన్నాడాయన తాపీగా.

"నెల దినాల ఆకును ఒక్క పూటకే పులగూర చేసుకోవాల్నా? ఈ మిషనేంది? ఈ పుల్లలేంది?"

"ఇనుము యాడుండాదో, బంగారం యాడుండాదో చెప్పే మిషను. మట్టిలో ఏదుంటే ఏ సద్దు చేస్తాదో ముందు నేర్చుకోవాలంట. ఫోన్లో సూసినా. అందుకే తెలిసిన వస్తువులు తెలిసిన లోతులో పూడ్చి పెట్టినా."

ఆమె వంగి కాగితాలు చదివింది. మేకు – జానెడు. సోడా మూత – బెత్తెడు. రాగి రేకు – నాలుగు వేళ్ళు. ఇంకో దాని దగ్గర ఆగిపోయింది.

"మెట్టె! ఎవరి మెట్టె?"

"నీదే. అరిగిపోయిందని డబ్బాలో ఏసి పెట్టినావే, అది."

"ఓరి దేవుడా! నేను బతికుండంగానే నా మెట్టెను మట్టిలో పూడుస్తావా? బుద్ధుండే పనేనా?" అని తలబాదుకుని, ఆ పుల్ల కింద గోళ్ళతో తవ్వి మెట్టెను తీసుకుని కొంగున ముడేసుకుంది. ఆయన ముఖం చిన్నబోయింది. మళ్ళీ డబ్బాలు చెవికి తగిలించుకున్నాడు.

ఇది అంతటితో ఆగితే ఎవరికి బాధ? దామలచెరువు దగ్గర చిన్న ఊరది. ఒకరింట్లో తుమ్మితే నాలుగిళ్ళలో చిరంజీవ అంటారు. మధ్యాహ్నానికల్లా పక్కింటి మునిరామయ్య గోడ మీద గడ్డం ఆనించి, "ఏమన్నా, నిధి తగిల్తే మాకూ రవ్వంత ఇయ్యప్పా," అని పళ్ళికిలించాడు. ఏకాంబరం నవ్వి ఊరుకున్నాడు. జ్ఞానాంబకు మాత్రం ఆ మాట వేళాకోళంగా తోచలేదు. పోయినేడు పక్క ఊళ్ళో ముగ్గురు గుప్తనిధుల పిచ్చితో పాత మండపం కింద తవ్వి, పోలీసుల జీపెక్కారు. వాళ్ళలో ఒకడు ఏకాంబరం కంటే నెమ్మదస్తుడు.

ఆ తర్వాత రెండు రోజులూ ఆమె ఆయన్ను కనిపెట్టి చూసింది. ఆయన తమ మామిడి తోపులోకి పోవడం, గంపతో మట్టి తెచ్చి పెరట్లో పోయడం, పూడ్చినవి తీసి మళ్ళీ పూడ్చడం. అన్నం తినేటప్పుడు కూడా ఎటో ఆలోచన. మూడో రోజు మధ్యాహ్నం ఆయన గంప దించుతుంటే ఇక ఆగలేకపోయింది. మడిలోకి దిగి పుల్లలన్నీ పీకి ఆయన కాళ్ళ దగ్గర పారేసింది.

"ఎవుడు నేర్పినాడు నీకీ నిధుల యవ్వారం? తల తాకట్టు పెట్టుకునే పనేనా ఈ వయసులో? జైల్లో పడితే నీకు కూడు తెచ్చిపెట్టేదానికి మనకెవరుండారు?"

ఏకాంబరం గంపను మెల్లగా పక్కన పెట్టాడు. పీకిన పుల్లలను ఒక్కొక్కటే ఏరుకున్నాడు.

"నిధి కాదే," అన్నాడు. "రూప కమ్మలు."

ఆరేళ్ళుగా ఆ ఇంట్లో పలకని పేరది.

రూపశ్రీ వాళ్ళ ఒక్కగానొక్క బిడ్డ. తిరుపతిలో ఆసుపత్రి ల్యాబులో పనిచేసే జోయల్‌ను చేసుకుంటానని చెప్పడానికి వచ్చిన రోజు, తోపులో కాయలు కోస్తున్నారు. పదిమంది ముందు ఏకాంబరం, "పోతే పో. నేను పెట్టిన బంగారం తీసి పెట్టి పో," అన్నాడు. ఐదేళ్ళప్పుడు చెవులు కుట్టించి తానే పెట్టిన ఎర్రరాయి కమ్మలవి. పెద్దయినా ఆ పిల్ల వాటిని మార్చలేదు. అక్కడే తీసి తండ్రి అరచేతిలో పెట్టింది. ఆయన వాటిని తోపులోకి విసిరేశాడు.

"దాని బిడ్డకు నాలుగేళ్ళు నిండినాయంట," అన్నాడు ఏకాంబరం, పుల్లలను చూస్తూ. "నిస్సీ అంట పేరు. తిరుచానూరులో ఎవరో సూసినారంట. ఇంకా చెవులే కుట్టలేదంట. మొదటి కమ్మలు పుట్టింటోళ్ళు పెట్టాల కదే! కొత్తవి కొనుక్కొని ఏ మొగం పెట్టుకొని పోయేది? పారేసినవే ఎతికి ఎత్తుకపోతే, తలుపు తీస్తాదేమో అని... తోపు మట్టిలో ఇనప రజను జాస్తి. మిషను ఊరికే అరస్తాది. అందుకే ఆ మట్టే తెచ్చి ఈడ పోసి నేర్చుకుంటా ఉండా."

జ్ఞానాంబ గట్టు మీద కూలబడింది. ఒక్క మాట చెబితే ఆయన తిప్పలు సగం తగ్గిపోతాయి. కానీ ఆ మాట చెబితే ఆరేళ్ళ దొంగతనం బయటపడుతుంది. ఆయన ఏరిన పుల్లలను మళ్ళీ మొదటి నుంచి నాటడం చూశాక ఇక దాచలేకపోయింది.

"ఒకటి నాకు దొరికిందయ్యా. ఆ పొద్దే. మూడు దినాలు ఆకులన్నీ ఏరినా. రెండోది దొరకలా."

"దొరికిందా? యాడ పెట్టినావు?"

"రూపకే ఇచ్చినా. శుక్రవారం శుక్రవారం తిరుచానూరు అమ్మవారి దర్శనమని పోతానే, అది దాన్ని సూసేదానికే. బిడ్డకు నీళ్ళు పోసినా, జోలపాట పాడినా. చెవులు ఎందుకు కుట్టించలేదే అంటే, 'నాయన పెట్టిన జత దొరికితేనే కుట్టిస్తా'నంటాది."

ఆయన కేకలేస్తాడని భయపడింది. కేకలేసినా బాగుండేది.

"ఆరేళ్ళు నువ్వొక్కదానివే సూసుకుంటివా?" అన్నాడు. "నాకొక మాట చెప్పకూడదా?"

"ఆ పేరెత్తితే ఉరేసుకుంటానంటివే! నీకెట్ల చెప్పేది?"

ఆయన లేచి ఇంట్లోకి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు మిషను ముట్టలేదు, ఆమెతో మాట్లాడలేదు. జ్ఞానాంబ వండినవి వండినట్టే ఉండిపోయాయి. ఎంత పని చేశాను, పాపిష్టిదాన్ని, ఆ బిడ్డ మొదటి నడక కూడా ఈయనకు దక్కకుండా చేశానే అని పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది.

శనివారం పొద్దున కాఫీ గ్లాసు అందిస్తుంటే ఆయనే నోరు విప్పాడు.

"ఆ ఒక్క కమ్మ దాని దగ్గరే ఉండాదా?"

"ఉండాది."

"మేకులూ మూతలూ పూడ్చి ఏం లాభం? ఆ కమ్మనే పూడ్చి సూస్తే గానీ దాని జత సద్దు ఎట్లుంటాదో నాకు తెలియదు."

"అట్లయితే ఇప్పుడే పోయి తెస్తా."

"నువ్వు పోవద్దు," అన్నాడు గ్లాసులోకి చూస్తూ. "దాన్నే తెమ్మను."

జ్ఞానాంబ వంటింట్లోకి పరిగెత్తి ఫోను చేసింది. అవతల కూతురికి ముందు ఏడుపే వినపడింది.

ఆదివారం చర్చి అయ్యాక వచ్చారు ముగ్గురూ. జోయల్ వాకిట్లోనే నిలబడి, "బాగుండారా మామా?" అన్నాడు. "రాప్పా, లోపలికి రా," అన్నాడు ఏకాంబరం. కూతురి ముఖం చూడకుండా నేరుగా పెరట్లోకి పోయి, మడిలో చిన్న గుంత తవ్వడం మొదలుపెట్టాడు. రూపశ్రీ బిడ్డను చంకనేసుకుని వెనకే వెళ్ళి నిలబడింది.

"ఎంత లోతు పెట్టాల నాయనా?"

"బెత్తెడు చాలు."

ఆమె గుడ్డముక్క విప్పి కమ్మను ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన గుంత ముందు గొంతుక్కూర్చున్నాడు. చేయి గుంత దాకా పోయి ఆగిపోయింది. నిస్సీ తల్లి చంకలోంచి వంగి చూస్తోంది. ఎంతసేపైనా ఆ గుప్పిలి తెరుచుకోలేదు.

"నా చేత కాదమ్మా," అన్నాడు. "ఒకసారి మట్టిపాలు చేసినా. మళ్ళీ మట్టిలో పెట్టేదానికి చెయ్యి రావడంలా."

రూపశ్రీ బిడ్డను దించి ఆయన పక్కనే మట్టిలో కూలబడింది. "నాయనా" అని ఆయన భుజం మీద తల పెట్టింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు. జోయల్ ముఖం తిప్పుకుని మామిడి చెట్లవైపు చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి ఏకాంబరం కళ్ళు తుడుచుకుని, కమ్మను కూతురి చేతిలోనే పెట్టాడు.

"పూడ్చకపోతే సద్దు తెలియదు. రెండోది ఎప్పటికి దొరుకుతాదో."

"దొరికేదాకా ఎతుకుదాం మామా," అన్నాడు జోయల్. "తోపులో చెట్టుకొక ఆదివారం. చర్చి కాంగానే వచ్చేస్తాం."

"చెట్లు నూటాపది ఉండాయి అబ్బా!"

"ఉండనీ మామా."

రూపశ్రీ ఏడుపులోనే నవ్వింది. గుమ్మంలో నిలబడి వింటున్న జ్ఞానాంబ, ఆరేళ్ళుగా తోపులో అడుగుపెట్టిన ప్రతిసారీ నేల మీదే కళ్ళు పెట్టి నడిచిన జ్ఞానాంబ, ఆ రెండో కమ్మ ఇప్పుడప్పుడే దొరకకుండా ఉంటే బాగుండు అనుకుంది.