పదిహేను అంగుళాల అబద్ధం

వాన జోరుగా పడుతున్న ఒక ఉదయం, టైర్ల కొట్టు రేకుల షెడ్డు కిందికి ఒక చిన్న కారు వచ్చి ఆగింది. డ్రైవరు పక్క అద్దం సగం దిగింది. అందులోంచి ఒక చెయ్యి, ఆ చేతిలో ఒక ఫోను బయటికొచ్చాయి. ఫోనులో అచ్చం అలాంటి కారే ఉంది. కాకపోతే దానికి పదిహేడు అంగుళాల నల్లటి అల్లాయ్ చక్రాలున్నాయి.

"ఇవి నా కారుకి కావాలి," అంది ఫోను వెనకాల గొంతు.

"వద్దండి," అన్నాడు ఫిట్టరు.

అద్దం పూర్తిగా దిగింది. ఈసారి మొహం కనిపించింది. వానకి తడిసిన జుట్టు, కోపానికి చిట్లించిన కళ్లు.

"నేనింకా రేటే అడగలేదు."

"అడిగినా అదే చెబుతానండి."

కొట్టు అతని మేనమామది. నోరు మాత్రం అతని సొంతం. ఆ నోటి పుణ్యమా అని చుట్టుపక్కల కొట్లవాళ్లు అతనికి 'వద్దుబాబు' అని పేరు పెట్టారు. అరిగిపోయిన టైరు ఇంకో నెల ఆగుతుందని చెప్పమని ఎవరైనా బతిమాలితే వద్దంటాడు. పాతదానికి నలుపు పూసి కొత్తదిలా మెరిపించమంటే వద్దంటాడు. నిజం చెప్పేవాడి కొట్టు ముందు పార్కింగుకి మాత్రం ఎప్పుడూ ఇబ్బంది ఉండదురా అని మావయ్య వారానికోసారి నిట్టూర్చేవాడు.

ఆమె ఫిజియోథెరపిస్టు. ఇల్లిల్లూ తిరిగి, పక్షవాతం వచ్చినవాళ్ల చేత చేతులెత్తించడం, మోకాళ్లు మార్పించుకున్నవాళ్ల చేత మెట్లెక్కించడం ఆమె పని. ఒక్క అడుగు కూడా వెయ్యనని మొండికేసే పెద్దమనుషుల్నే నడిపించే పిల్లకి, ఒక ఫిట్టరు మొండితనం ఏం లెక్క? మూడు కొట్లలో సరేనన్నారని చెప్పింది. ఆ మూడు కొట్లవాళ్లూ రేపు మీతోపాటు ఈ కారులో తిరగరు కదండీ అన్నాడతను. తర్వాత వేళ్లతో గాలిలో గుండ్రాలు చుట్టి చూపించాడు. లోపలి చక్రం పెరిగితే చుట్టూ ఉన్న రబ్బరు తగ్గాలి, అప్పుడే మొత్తం ఎత్తు మారకుండా ఉంటుంది. పదిహేడు వేస్తే ఈ కారుకి మిగిలే రబ్బరు చేతి గాజంత. గుంత తగిలితే దెబ్బ నేరుగా నడుముకే.

"కీలులో మెత్తదనం పోతే ఏమవుతుందో నాకు చెప్పకండి," అందామె. "పొద్దున్నించి సాయంత్రం దాకా నాకదే పని."

"తెలిసి కూడా ఎందుకండీ మరి?"

దానికి ఆమె జవాబు వాన కాస్త తగ్గాక చెప్పింది. ప్రతి ఆదివారం భోజనానికి వచ్చే బావ, అంటే అక్క మొగుడు, తన పెద్ద బండి పక్కన ఈ కారుని చూసి, "మరదలా, దీన్ని రాత్రికి లోపల పెట్టుకో, ఎవరి పిల్లలైనా బొమ్మనుకుని ఎత్తుకుపోతారు" అంటాడట. పేషెంట్ల అపార్టుమెంట్లలో వాచ్‌మన్లు ఆమెని చెత్తడబ్బాల పక్కన ఆపుకోమంటారట. తన జీతంతో తను కొనుక్కున్న మొదటి వస్తువు ఇదేనట. దానికి కాస్త మర్యాద కావాలి, అంతే.

ఫిట్టరుకి ఆ మాట ఎక్కడో తగిలింది. మర్యాద చక్రాల సైజులో ఉండదని అతనికి తెలుసు. లోకం మాత్రం అక్కడే చూస్తుందని కూడా తెలుసు. అందుకని జీవితంలో మొదటిసారి వద్దు అన్న మాటని కాస్త మెత్తగా చుట్టి ఇచ్చాడు. "పదిహేడు కుదరదండి. పదహారు కుదురుతుందేమో కొలిచి చూస్తాను. ఎల్లుండి రండి."

పదహారు కుదరదని అతనికి ఆ క్షణానే తెలుసు. ఇప్పుడున్నవి పదమూడు, ఆ కారుకి పద్నాలుగే హద్దు. ఆ సంగతి రెండు నిమిషాల్లో చెప్పి పంపించెయ్యొచ్చు. ప్రేమ మనిషిని తెలివితక్కువవాణ్ణి చేస్తుందంటారు కానీ అది ఉత్త మాట. తెలివితక్కువతనం ముందే ఉంటుంది. ప్రేమ దానికి ధైర్యం చెబుతుంది, అంతే.

ఎల్లుండి వచ్చింది. పదహారు వేస్తే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్‌కి తగులుతుందని కారు కింద పడుకుని మరీ చూపించాడు. ఆమె కూడా మోకాళ్ల మీద కూర్చుని తల వంచి చూసింది. వాదించింది. నవ్వింది. మళ్లీ వాదించింది. పోనీ పదిహేను సంగతి శనివారం చూద్దామన్నాడు. మావయ్య కుర్చీలోంచి అంతా గమనిస్తూ, ఇదేం బేరంరా, రోజుకో అంగుళం దిగుతున్నావు అని గొణిగాడు.

ఆ మధ్యలో ఒకసారి గాలి చూడమని వచ్చింది. గాలి సరిగ్గానే ఉంది. ఇంకోసారి ఏదో శబ్దం వస్తోందని వచ్చింది. డిక్కీలో ఆమె పెట్టుకున్న కసరత్తుల డంబెల్సు దొర్లుతున్నాయి. వాటిని ఒక గోనెపట్టాలో చుట్టి ఇచ్చాడు. వాన వెలిసింది, ఆమె రావడం మాత్రం ఆగలేదు.

శనివారం పదిహేను అంగుళాల చక్రాలు ఎక్కించాడు.

ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. అతను పెట్టిందే. ఏ కారుకైనా పెద్ద చక్రాలు వేశాక, కొట్టులో ఉన్న మనుషులందర్నీ సీట్లలో కుక్కి, వీధి చివర స్పీడుబ్రేకరు మీదుగా ఒక చుట్టు తిప్పి తీసుకురావాలి. పెద్ద చక్రానికి టైరు వెడల్పూ పెరుగుతుంది కానీ ఖాళీ కారుకి అన్నీ సరిపోతాయి. మనుషులు కూర్చుంటే స్ప్రింగులు దిగుతాయి, చక్రం పైన రేకు కిందికొస్తుంది. అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది. బరువు పెట్టి చూడని చక్రాన్ని అతను ఏనాడూ బయటికి పంపలేదు.

ఆ రోజు పంపాడు.

ఎందుకంటే ఆమె కారు చుట్టూ మూడుసార్లు తిరిగింది. కొత్త చక్రాన్ని అరచేత్తో నిమిరింది. తర్వాత అతని వైపు తిరిగి, "చెయ్యి పట్టుకుని లేపి నిలబెట్టినట్టుంది," అంది. వెనక సీటులో ముగ్గురు కూర్చుంటే రబ్బరు రేకుని గీస్తుందని అతని లోపల ఏదో చెబుతూనే ఉంది. గీస్తే ఈ మొహం వాడిపోతుంది. పదిహేను కాదు పద్నాలుగు అనాలి. మరీ రెండు వేళ్ల తేడా కోసం ఇంత తిప్పారా అని ఆమె వెళ్లిపోతుంది.

"అయిపోయిందండి. తీసుకెళ్లండి," అన్నాడు.

మావయ్య తల ఎత్తి చూశాడు.

ఐదు రోజులు ఆమె రాలేదు. రావడానికి పని లేదు మరి. ఆరో రోజు, శుక్రవారం, ఫోను చేసింది. గొంతులో పండగ. ఎల్లుండి అమ్మానాన్నల పెళ్లిరోజట. అందరూ కొండ మీద రిజర్వాయరు దగ్గరికి వెళుతున్నారట. ఎప్పుడూ బావ బండిలోనే వెళ్లేవాళ్లు, ఈసారి తన కారులో. నాన్న, అమ్మ, అక్క, బావ, తను. బావ కూడా ఒప్పుకున్నాడట. "మీకు మొదట చెబుదామనిపించింది," అని నవ్వి పెట్టేసింది.

అతను ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఐదుగురు. కొండదారి. మలుపు మలుపుకీ ఒక పక్కకి ఒరిగే కారు, రబ్బరు మీద రాసుకునే రేకు అంచు. ఒక్కసారికి ఏమీ కాదు. పది మలుపులకీ కాకపోవచ్చు. టైరు పక్కభాగం ఎప్పుడు తెగుతుందో ఎవరికి తెలుసు?

మావయ్యకి చెప్పాడు. ఆయన కాసేపు ఆలోచించి, చక్రాలు చూపించుకోవడానికి రేపు రమ్మను, ఏదో వంక చెప్పి మార్చెయ్యి, ఆ పిల్లకి తెలియనక్కర్లేదు అన్నాడు. మంచి సలహాయే. ఆ సలహా పాటిస్తే ఇద్దరూ చల్లగా ఉంటారు. అతనికది గొంతు దిగలేదు. ఫోను చేశాడు.

"ఎల్లుండి ఆ కారులో అందర్నీ తీసుకెళ్లకండి," అన్నాడు. "ఆ చక్రాలు బరువుకి ఆగవు. నేను బరువు పెట్టి చూడలేదు. చూస్తే ఏమవుతుందో తెలిసే చూడలేదు. తప్పు నాదండి."

అటువైపు ఏదో తలుపు మూసిన చప్పుడైంది.

"కారుతో ఇచ్చిన పుస్తకంలో పద్నాలుగు దాటకూడదని రాసుంది," అందామె మెల్లగా. "మీరు పదహారు కొలిచిన రోజే ఇంటికెళ్లి చూశాను. మీరు పదిహేను అన్నారు కదా అని పుస్తకం మూసేశాను. అందరికీ వద్దనే మనిషి సరే అన్నాడంటే కుదిరే ఉంటుందనుకున్నాను."

తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాడతను.

"ఆదివారం ఎనిమిదింటికి మా ఇంటికి రండి," అంది. "ఇప్పుడు నాతో చెప్పిన మాట మా బావ ముందు చెప్పండి. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత."

ఆదివారం ఎనిమిదికి పది నిమిషాల ముందే, కొట్టు వ్యానులో జాకీ, పానాలు, నాలుగు పద్నాలుగు అంగుళాల చక్రాలు వేసుకుని ఆమె ఉండే అపార్టుమెంటు పార్కింగులో దిగాడు. ఇంటిల్లిపాదీ కారు చుట్టూ నిలబడి ఉన్నారు. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. మనిషి తక్కువ మాట, ఎక్కువ చూపు. అమ్మ చేతిలో భోజనాల సంచి. అక్క నవ్వు ఆపుకుంటోంది. బావ రెండు సీట్ల మనిషి.

ముందు కూర్చోబెట్టే చూపించాడు. బావని, అక్కని, అమ్మని వెనక, నాన్నని ముందు. ఆమె స్టీరింగు పట్టుకుంది, అతని వైపు చూడలేదు. కారు గుండ్రంగా తిరిగి, గేటు దగ్గర స్పీడుబ్రేకరు ఎక్కి దిగింది. వెనక చక్రం దగ్గర జర్రుమని రేకు ఏడ్చింది.

బావ మొహం వెలిగిపోయింది. ఏడాదికి సరిపడా సరుకు దొరికినట్టు నోరు తెరిచాడు. అతను ఆ నోటికి అడ్డం వెళ్లాడు.

"కారులో లోపం లేదండి. ఈవిడ తప్పు అసలే లేదు," అన్నాడు. "పుస్తకంలో ఏముందో ఈవిడకి తెలుసు. నా మాట నమ్మారు. నేనే తప్పు చెప్పాను."

బావ తెరిచిన నోరు ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉండిపోయింది. తప్పు ఒప్పుకునేవాణ్ణి వెక్కిరించడం ఎలాగో ఆయనకెవరూ నేర్పలేదు.

చక్రాలు మార్చడానికి ముప్పావుగంట పట్టింది. మూడో చక్రం బిగిస్తుండగా నాన్న వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. కాసేపు బోల్టులు ఎదురెదురుగా బిగించడం చూశాడు.

"పని తెలిసినవాడిలాగే ఉన్నావు బాబూ," అన్నాడు. "మరి ఎందుకు చెప్పలేదు?"

పానా ఆగిపోయింది. ఆమె స్తంభం పక్కన నిలబడి ఉంది. వినపడేంత దూరం. అబద్ధానికి ఒకసారి తలవంచినవాడికి రెండోసారి సులువే. అతను నుదురు మోచేత్తో తుడుచుకున్నాడు.

"పద్నాలుగు అంటే పని మొదటిరోజే అయిపోయేదండి," అన్నాడు. "మళ్లీ రారు కదా అని."

అమ్మ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. నాన్న లేచి నిలబడి మోకాళ్లు దులుపుకున్నాడు. నాలుగో చక్రం ఎలా బిగించాడో అతనికి గుర్తులేదు.

మళ్లీ బరువు పెట్టి చూడాలి. బావ ససేమిరా అన్నాడు. బస్తాలాగా ఒకసారి కూర్చున్నది చాలు, గేటు దగ్గర నిలబడి తనే చెవి పెట్టి వింటాడట.

"అప్పుడున్న బరువే ఇప్పుడూ ఉండాలి కదా," అన్నాడు నాన్న, కారు ముందు తలుపు తీసుకుంటూ. తర్వాత ఫిట్టరు వైపు చూశాడు. "నువ్వెక్కు బాబూ."

అమ్మ అతన్ని పైకీ కిందికీ చూసి, అల్లుడికి ఈ అబ్బాయి సగం కూడా లేడు అని, భోజనాల సంచీ నీళ్ల క్యానూ తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కారు కదిలింది. అందరూ వెనక చక్రం కోసం చెవులప్పగించారు. గుండ్రంగా తిరిగింది. స్పీడుబ్రేకరు ఎక్కింది, దిగింది. క్యానులో నీళ్లు కదిలిన చప్పుడు తప్ప ఇంకేం లేదు. గేటు దగ్గర బావ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "చప్పుడు రాలేదు," అన్నాడు. ఒప్పుకోక తప్పనివాడి గొంతు. "బానే ఉన్నాయి. పొందికగా ఉన్నాయి."

ఆమె అద్దంలోకి చూసింది. ఆ రోజుకి అతన్ని చూడటం అదే మొదలు.

"రేపు నాలుగింటికి నా పేషెంట్ల పని అయిపోతుంది," అంది. "కొట్టుకి వస్తాను."

"ఇంకేం లేదండి కారుకి," అన్నాడతను క్యాను వెనకాల నుంచి. "అన్నీ సరిపోయాయి."

"కారుకేం లేదు. ఊరికే వస్తాను."

నాన్న శ్రద్ధగా కిటికీలోంచి గోడని చూస్తున్నాడు. అక్క ఈసారి కొంగు తీసేసి బాహాటంగానే నవ్వింది. అమ్మ మాత్రం కాసేపు ఆలోచించి, ముందు సీటు వైపు వంగి, కూతురి భుజం తట్టింది.

"నాలుగంటే ఎండగా ఉంటుందే," అంది. "ఐదింటికి వెళ్లు."