మేబెల్ గురించి అడిగిన ప్రశ్న

మేబెల్‌ను కాల్చి చంపింది శత్రువులు. చేతికి కవరిచ్చి ఆమెను ఆ చావు జరిగిన కూడలికి పంపింది ఆమె భర్త ఎల్డెన్ క్రాస్ పనిచేసే గూఢచారి శాఖ. ఇందులో వాదించడానికేమీ లేదు.

వాషింగ్టన్, 1953. సెనేట్ కమిటీ ముందు ఎల్డెన్ సాక్షిగా కూర్చున్నాడు. లోకం దృష్టిలో అతను శత్రుదేశపు గూఢచారి ముఠా మనిషి. ఆ వేషం వేయించింది కూడా శాఖే. సెనేటర్ టాగర్ట్‌కు ఆ సంగతి తెలియదు.

ప్రేక్షకుల్లో ముఠా నాయకుడు బ్రాండ్ ఉన్నాడు. పక్కనే నల్ల గ్లవ్స్ తొడుక్కున్న అందగత్తె ఐరీన్. తన మనిషేనని బ్రాండ్ నమ్మకం. నిజానికి ఆమె శాఖ ఏజెంట్. ఎల్డెన్ నోరు విప్పడని తేలితేనే బ్రాండ్ తాను దొంగిలించిన జలాంతర్గామి నక్షాల ఫిల్ము ఆమెకిస్తాడు. విప్పితే ఐరీన్ శవమే.

లాయర్ చెవిలో చెప్పాడు. "నీ మీద నువ్వే సాక్ష్యం చెప్పక్కర్లేదు, అది రాజ్యాంగం ఐదో సవరణ ఇచ్చిన హక్కు. కానీ ఒక్కదానికి జవాబిచ్చావా, ఆ దారిలో వచ్చేవన్నీ చెప్పాల్సిందే. తలుపు ఓరగా తీస్తే సెనేటర్ లోపల మంచమేసుకుంటాడు, నాయనా."

"మీరు ముఠా మనిషేనా?" టాగర్ట్ అడిగాడు.

"ఐదో సవరణ ప్రకారం జవాబు చెప్పను."

"పొద్దున ఏం తిన్నారో అదైనా చెబుతారా? బీన్స్ సూప్ తాగడం కూడా నేరమేనా?"

గది గొల్లుమంది.

"చెప్పను."

టాగర్ట్ ముందుకు వంగాడు. "పోనీ, మీ భార్య ఎలా చచ్చిపోయింది? మీరే చంపారా?"

నవ్వులు ఆగాయి. వెనక వరుసలో మేబెల్ దగ్గింది. చలికాలంలో వచ్చే అదే పొడి దగ్గు, ఆమె పోయాక అతనొక్కడికే వినపడేది. ఎల్డెన్ తల తిప్పలేదు. మేబెల్ గురించి చెబితే ముఠా గురించి చెప్పాలి. ముఠా గురించి చెబితే ఐరీన్ పేరు చెప్పాలి.

"జవాబు చెప్పను."

"హంతకుడా!" ఎవరో అరిచారు.

దగ్గు ఆగిపోయింది. మళ్ళీ ఎన్నడూ వినపడలేదు.

బ్రాండ్ తృప్తిగా ఫిల్ము దాచిన సిగరెట్ కేసు ఐరీన్ చేతిలో పెట్టాడు. ఆమె ఎడమ గ్లవ్ తీసింది. అదే సంకేతం. విలేకరుల వేషంలో ఉన్న ఇద్దరు శాఖ మనుషులు కెమెరాలు వదిలేసి అతని మీద పడ్డారు. బ్రాండ్ వేళ్ళు కోటులోని పిస్తోలును తాకాయి. అంతవరకే.

వరండాలో శాఖాధిపతి ఎల్డెన్ భుజం తట్టాడు. "ఐరీన్ బతికిందయ్యా! ఇక లోపలికెళ్ళి మేబెల్ సంగతి చెప్పెయ్. నీ మచ్చ పోతుంది."

"ఆమెను అక్కడికి ఎవరు పంపారో కూడా చెప్పనా?"

అధిపతి బూట్ల వంక చూసుకున్నాడు. "అది... అది మాత్రం అడక్కు."

ఎల్డెన్ టోపీ పెట్టుకున్నాడు.

"అయితే నేనూ చెప్పను. ఇవాళే కాదు, ఎప్పటికీ."

ఈసారి ఏ సవరణ పేరూ ఎత్తలేదు.