నీళ్లు తాగిన పడవ

“ఈ పడవ మీద మీకేమన్నా పగా, మాస్టారూ?”

లెక్కల మాస్టారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. భుజాన తెరచాప చుట్ట పెట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. పడవల షెడ్డు నడిపే మేస్త్రీ గారి కూతురు. అక్కడ తెరచాపలు కుట్టేది ఆమే.

“పగేమిటండీ? నెల రోజులు కష్టపడ్డాను. ఎక్కడైనా ఒక్క సందుంటే చూపించండి.”

“అదే నా ఏడుపు. ఒక్కటీ లేదు.”

చెక్కకీ చెక్కకీ మధ్య అతను కూరిన లప్పాన్ని ఆమె గోటితో గీకి చూసింది. రాయిలా ఉంది.

“ఎనిమిదేళ్లు ఎండిన చెక్క ఇది. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. చోటేదీ? చెక్కలు ఒకదాన్నొకటి తోసుకుని మేకులు ఊడగొట్టుకుంటాయి.”

మాస్టారి మొహం పాలిపోయింది. అది వాళ్ల నాన్న పడవ. ఆయన ఏటా ఒక జట్టుతో కలిసి తీరం వెంబడి ఐదు రోజులు తిరిగి వచ్చేవాడు. ఆయన పోయాక పడవ బోర్లించింది బోర్లించినట్టే ఉండిపోయింది. ఈ ఏడు ఆ జట్టుతో తనూ వెళ్లాలనుకున్నాడు. బయల్దేరడానికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి.

“ఇప్పుడెలా?”

“మొత్తం గీకెయ్యాలి.”

“మీరు కాస్త సాయం...”

“చూస్తూ ఊరుకుంటే ఆ పాపంలో నాకూ వాటా వస్తుంది. ఉలి అందుకోండి.”

బడి వదలగానే అతను షెడ్డుకి వచ్చేవాడు. గీకిన సందుల్లో ఇద్దరూ నూలు పేటలు వదులుగా కూరేవారు. నూలే ఎందుకు? వదులుగా ఎందుకు? చెక్క ఎంత ఉబ్బుతుంది? అతను అడుగుతూనే ఉండేవాడు, ఆమె చెబుతూనే ఉండేది. దారం కొరికేటప్పుడు ఆమె ఒక కన్ను ఎందుకు మూస్తుందో కూడా తెలుసుకోవాలనిపించింది. అది మాత్రం పైకి అడగలేదు.

శుక్రవారం పొద్దున్నే పడవని లోతు తక్కువ నీళ్లలోకి దించి గుంజకి కట్టారు. అన్ని సందుల్లోంచీ నీళ్లు బుసబుసా లోపలికొచ్చాయి. మాస్టారు బకెట్ పట్టుకుని దూకబోయాడు.

“ఆగండి. తాగనివ్వండి.”

“మునిగిపోతోందండీ!”

“మునగనివ్వండి. దాహం తీరాక అదే మూసుకుంటుంది.”

పడవ కూర్చునే బల్లల దాకా మునిగింది. అతను మొహం తిప్పుకున్నాడు. ఆమె ఒడ్డున అతని పక్కనే కూర్చుని తెరచాప అంచు కుట్టుకుంది.

శనివారం సాయంత్రం ఇద్దరూ కలిసి నీళ్లు ఎత్తిపోశారు. అరగంట ఆగి వంగి చూశారు. ముందు వైపు ఒక్క సందు మాత్రం చెమర్చింది. మిగతాదంతా బిగిసిపోయింది.

“ఎంత పట్టు పట్టింది చూశారా!” అందామె. ఆ గర్వం పడవ గురించో, తన గురించో తెలియలేదు.

జట్టు నాయకుడు వెళ్లేవాళ్ల జాబితా పట్టుకుని వచ్చాడు. పోస్టుమాన్‌గా చేసి రిటైరైన మనిషి. అందరికీ బాబాయే.

“పడవకి ఇద్దరుండాలి మాస్టారూ. రెండోవాళ్లెవరు?”

“ఎవరూ లేరు బాబాయ్. నేనొక్కణ్ణే వెళ్తాను.”

“కుదరదయ్యా. సముద్రంతో ఆటలా?”

షెడ్డు గుమ్మంలో మేకులు ఏరుతున్న మేస్త్రీ తల ఎత్తకుండానే అన్నాడు, “అడిగితే వచ్చేవాళ్లు ఉన్నారేమో. అడిగితే కదా.”

“నాన్నా!” ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

మాస్టారు ఆమె వైపు తిరిగాడు. “మీరు... వస్తారా?”

“ఐదు రోజులకా?”

“ఐదు రోజులకే అని చెప్పి తీసుకెళ్తే అబద్ధమవుతుందండీ.”

బాబాయి ఒకసారి మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ మేకుల డబ్బా మూత పెట్టి, “రాసుకో” అన్నాడు.

“నన్నడగరేం?” అంటూనే ఆమె చెప్పులు విడిచి పడవలో కాలు పెట్టింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. “అలా నిలబడి చూస్తారేంటి మాస్టారూ? రెండో వైపు మీరు కూర్చుంటేనే కదా ఇది నిలబడేది!”