మూడో డ్రైవ్

గడియారాలు బాగుచేసే మనిషి కంటికి భూతద్దం పెట్టుకునే చనిపోయాడు. సరిహద్దుకు అవతల, శత్రువు రాజధానిలో, పట్టపగలు. కొట్లోకి వచ్చిన ఇద్దరిలో ఒకడు బల్లమీద పాత చేతిగడియారం పెట్టాడు. దాని వెనకమూత తీద్దామని అతను వంగాడు. రెండోవాడు సైలెన్సర్ బిగించిన పిస్టల్ తీశాడు. వెళ్తూ వెళ్తూ తలుపుకు 'ఈరోజు సెలవు' అన్న బోర్డు కూడా తగిలించి వెళ్లారు. అంత మర్యాదస్తులు.

అతను ఏళ్ల తరబడి మన మనిషి. ఆ సంగతి అతని భార్యకు కూడా తెలియదు.

"తెలిసింది ఒక్క సర్వర్‌కే. అది మన బేస్‌మెంట్‌లోనే ఉంది" అన్నాడు పెద్దాయన. డిపార్ట్‌మెంట్ చీఫ్‌ను అందరూ అలాగే పిలుస్తారు. ఆయన ముందు కూర్చున్న ఏజెంట్ కోడ్‌నేమ్ ముంగిస. సన్నటి మనిషి. మాటలు తక్కువ, చూపు ఎక్కువ.

"ఆ సర్వర్‌లో నాలుగు డ్రైవ్‌లున్నాయి. అవతల పనిచేస్తున్న మనవాళ్ల ఫొటోలు, అడ్రస్‌లు అన్నీ ముక్కలై ఆ నాలుగింట్లో సర్దుకుని ఉంటాయి. ఒక డ్రైవ్ చెడిపోయినా ఫరవాలేదు. మిగిలిన మూడింటిని బట్టి పోయిన ముక్కను సర్వరే లెక్కగట్టి తయారుచేసుకుంటుంది."

"అంటే దొంగకూ మూడు చాలు" అన్నాడు ముంగిస.

"రెండు ఇప్పటికే పోయాయి. ఎర్ర లైటు వెలిగింది, చెడిపోయిందన్నారు, పాతది తీసి కొత్తది పెట్టారు. రెండుసార్లూ అంతే. పాతవి క్రషర్‌లో వేసి పిండి చేశామని సంతకాలు కూడా ఉన్నాయి, అవి ఎవరివో తేలలేదు. తుక్కు ఏరించి చూస్తే అవి మన డ్రైవ్‌లే కావు. పోయిన రెండిట్లో దొరికిన ముక్కలు అతికిస్తే వాళ్లకు గడియారాల మనిషి ఒక్కడే పూర్తిగా దొరికాడు. మూడోది చేతికందితే అందరూ దొరుకుతారు."

"డేటాకు ఎన్‌క్రిప్షన్ లేదా సార్?"

"ఆ ఫైలు సంతకాలకు తిరుగుతోంది."

"ఎప్పట్నుంచి?"

సర్కారువారి ఫైలు నత్తకు తోబుట్టువు. అది కదిలేలోపు మనుషులు పోతారు, కుర్చీలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

"అందరినీ వెనక్కి పిలుస్తున్నాం" అన్నాడు పెద్దాయన. "ఆ సందేశాలు పంపేది కూడా ఆ సర్వరే. వాళ్లు రేడియో తెరిచేది గురువారం మధ్యాహ్నం. అప్పటిదాకా డ్రైవ్ గడప దాటకూడదు, సర్వర్ ఆగకూడదు. నీకు వేరే చెప్పక్కర్లేదు. మీ అక్క ఫైలు కూడా అందులోనే ఉంది."

అవును, చెప్పక్కర్లేదు. అమ్మ పోయాక ముంగిసను పెంచింది అక్కే. ఇప్పుడు ఆవిడ అవతలి రాజధానిలో దర్జీ కొట్టు నడుపుతోంది. సైనికాధికారుల యూనిఫారాలకు గుండీలు కుడుతూ, వాళ్లు మాట్లాడుకునేవన్నీ చెవిన వేసుకుంటోంది.

"లోపల నీకు తోడు ముత్యం. శత్రువుల ముఠాలో చేరి మనకు కబుర్లందిస్తున్న డబుల్ ఏజెంట్. సర్వర్ హాలుకు సెక్యూరిటీ ఆఫీసర్‌గా పెట్టాం. రిపోర్ట్ ఆవిడకే ఇవ్వు, ఇంకెవరికీ వద్దు. ఆవిడ అనుమానం అక్కడి టెక్నీషియన్ మీద."

మర్నాడు ముంగిస సర్వర్ కంపెనీ ఇంజనీరు వేషంలో హాల్లోకి దిగాడు. మెడలో దొంగ ఐడీ కార్డు, జేబులో మైకు దాచిన స్క్రూడ్రైవర్. లోపల ఎముకలు కొరికే ఏసీ. ఇనుప జాలీ తలుపుల ర్యాకులు బారులు తీరి ఉన్నాయి. ఫ్యాన్ల హోరులో మనిషి మాట మనిషికి వినపడాలంటే గొంతు పెంచాల్సిందే.

ముత్యం మెడలో నిజంగానే ఒకే ఒక్క ముత్యం ఉంది. ఆమె నడిచొస్తుంటే కాపలావాళ్లు స్క్రీన్లు చూడటం మానేసి ఆమెను చూశారు. అలాంటి అందం.

"ఇక్కడ చలెక్కువ కదూ" అంది.

"దుప్పటి ఇంట్లో మర్చిపోయాను" అన్నాడు ముంగిస. కోడ్ కలిసింది.

టెక్నీషియన్ను అందరూ బాబాయ్ అంటారు. నెరిసిన మీసం, కోటు మీద మరో కోటు, నోరు తెరిస్తే సణుగుడు. పక్క ర్యాకులో ఒక డ్రైవ్ చచ్చిపోతే మార్చడానికి ముంగిసను వెంటబెట్టుకుపోయాడు. ఆ హాల్లో డ్రైవ్ తీయాలంటే ఇద్దరుండాలి. ఒకరు దానిమీది నంబరు పైకి చదవాలి, రెండోవారు తమ కాగితంతో పోల్చి "ఊఁ" అనాలి.

"గట్టిగా ఊఁ కొట్టు అబ్బాయ్. కథ వింటూ నిద్రపోయే పిల్లాడిలా మూలగకు" అన్నాడు బాబాయ్. ఊఁ వినపడగానే హ్యాండిల్ నొక్కి, పంటి డాక్టరులా డ్రైవ్‌ను ఒక్క లాగు లాగి పారేశాడు. అది డబ్బాలో దభీమని పడింది.

"అదేం తీయడం బాబాయ్? ముందు వేలెడంత లాగి ఆపాలి కదా. లోపల పళ్లేలు తిరగడం ఆగాక కదా బయటికి తీయాలి?"

"మళ్లీ వాడుకునేదైతే అలాగే తీస్తా. లోపలున్నవి గాజు పళ్లేలు, తిరుగుతుండగా దెబ్బ తగిలితే పొడి పొడే. కానీ ఇది చచ్చింది. క్రషర్ నోట్లోకి పోయేదానికి కూడా లాలిపాట పాడమంటావా?" బాబాయ్ చేతులు కోటులోకి దూర్చుకున్నాడు. "నా పద్ధతి నాది. పాతికసార్లు మెమో ఇచ్చారు. పీకేస్తామన్నారు. నేనే డ్రైవ్‌లు పీకేవాడిని, నన్నెవరు పీకుతారన్నా."

ముంగిస నవ్వాడు. ఆ ఉద్యోగంలో అతను నవ్వడం అరుదు. డ్రైవ్‌ను అంత మోటుగా విసిరేసే మనిషి డ్రైవ్‌ల దొంగ కాలేడు. గాజు బద్దలైన డ్రైవ్ ఏ ముఠాకు పనికొస్తుంది?

ఆ సాయంత్రం కారిడార్‌లో ముత్యంతో అదే మాట చెప్పాడు. "బాబాయ్ కాదండీ. దొంగ ఇంకెవరో. రేపు పెద్దాయన్ని కూడా పిలిపించి గట్టిగా వెతుకుదాం."

"మంచి పని చేశారు, ముందు నాకు చెప్పారు" అంది ముత్యం.

గురువారం మధ్యాహ్నం కావస్తుండగా బ్యాటరీ గదిలో బాబాయ్ శవం దొరికింది. మంటలార్పే గ్యాస్ దానంతటదే విడుదలైందట. తలుపు కూడా దానంతటదే లాక్ పడిందట. ఆ గ్యాస్ నిండితే గదిలో మంట బతకదు, మనిషీ బతకడు. తలుపు మీద లోపలివైపు గోళ్ల గీతలున్నాయి. ముంగిస వాటిని చూస్తూ నిలబడిపోయాడు. నిన్న తనను అబ్బాయ్ అని పిలిచిన మనిషి, ఇవాళ ఇలా.

"తప్పు చేసినవాడు. మనం పట్టుకుంటామని తెలిసి తనే చేసుకుని ఉంటాడు" అంది ముత్యం మెల్లగా.

ముంగిస ఆమెవైపు తిరిగేలోపే హాల్లో అలారం మోగింది. ఇద్దరూ అటు పరుగెత్తారు. అసలు సర్వర్ మీద, మూడో డ్రైవ్‌కు ఎర్ర లైటు.

మధ్యాహ్నమైంది. సందేశాలు అప్పుడే బయలుదేరుతున్నాయి. స్క్రీన్ మీద ఒక్కొక్కరి కోడ్‌నేమ్ ఎదురుగా 'పంపబడింది' అని పడుతోంది. అక్క వంతు ఇంకా రాలేదు.

"వెంటనే మార్చేద్దాం. ఇంకోటి పోయిందంటే సర్వర్ మొత్తం కూలిపోతుంది" అంది ముత్యం. ఆ మాట నిజమే. కాపలావాళ్లు బ్యాటరీ గది దగ్గరున్నారు. హాల్లో వీళ్లిద్దరే. "నేను తీస్తాను, మీరు ఊఁ అనండి. ఇవన్నీ నాకు కొత్త, తప్పు చేస్తే తిట్టకండి."

ఆమె నంబరు చదివింది. ముంగిస ఊఁ అన్నాడు. ఆమె హ్యాండిల్ నొక్కి డ్రైవ్‌ను వేలెడంత బయటికి లాగింది. అక్కడ ఆపింది. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, రెండో అరచెయ్యి కింద ఆనించి, కదలకుండా నిలబడింది. లోపల పళ్లేల చప్పుడు సన్నగా దిగుతోంది.

ముంగిస ఆ చేతులవైపు చూశాడు.

చచ్చిన డ్రైవ్. ఇంకాసేపట్లో క్రషర్‌కు పోయే డ్రైవ్. దాన్ని నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటోంది, ఇవన్నీ కొత్త అన్న మనిషి. ఆమె బల్లకింద పొడుగాటి స్టీల్ లంచ్‌బాక్స్ ఉంది. అందులో రోజూ ఏం తెచ్చుకుంటుందో, ఏం పట్టుకెళ్తుందో ఎవరూ తెరిచి చూడలేదు. సెక్యూరిటీ ఆఫీసర్ సంచి వెతికేది ఎవరు? బతికున్న డ్రైవ్‌కు కన్సోల్ మీద ముందే ఒక్క కమాండ్ కొట్టి, అనుకున్న వేళకు ఎర్ర లైటు వెలిగేలా చేసే పాస్‌వర్డ్ కూడా ఆమె దగ్గరుంది. బాబాయ్ దొంగ కాడని ఆమెకు చెప్పింది తానే. చెప్పి ఆ మనిషిని చంపించింది తానే.

తన లెక్క తప్పితే? చేతిలో ఉన్న రుజువు ఒక్కటే, ఆమె ఆగడం. అదీ ఇంకాసేపే. పళ్లేలు ఆగాయంటే ఆమె చేతులు ఖాళీ అవుతాయి. ఆ చేతుల్లోకి పిస్టల్ వస్తుంది.

ముంగిస ముందుకు దూకాడు. ఆమె వేళ్ల మీదుగానే హ్యాండిల్ పట్టుకుని ఒక్క లాగు లాగాడు, అచ్చం బాబాయ్ లాగినట్టు. ఆ ఊపులోనే ర్యాకు ఇనుప స్తంభానికేసి డ్రైవ్‌ను కొట్టాడు. మళ్లీ కొట్టాడు. లోపల గాజు పగిలి గలగలమంది.

ముత్యం ముఖంలోంచి అందం ఎటో పోయింది. జేబులోంచి లిప్‌స్టిక్ తీసింది. అది లిప్‌స్టిక్ కాదు, ఒక్క గుండు పట్టే పిస్టల్. ముంగిస ఎడమ భుజంలో నిప్పు దూరినట్టయింది. అతను వెనక్కి పడ్డాడు.

ఆమె పారిపోలేదు. స్క్రీన్ వైపు ఒకసారి చూసి, సర్వర్ వైపు తిరిగి, నాలుగో డ్రైవ్ హ్యాండిల్‌కేసి చెయ్యి చాపింది. అది కూడా లాగిందంటే సర్వర్ ఆగిపోతుంది. స్క్రీన్ మీద అక్క కోడ్‌నేమ్ ఎదురుగా 'పంపుతోంది' అని ఉంది.

"నాకు దక్కనిది మీకూ వద్దు" అంది. హ్యాండిల్ మీద వేలు పడింది.

ముంగిస నేలమీదినుంచే ర్యాకు జాలీ తలుపును బలమంతా పెట్టి తన్నాడు. ఇనుప తలుపు ఆమె మణికట్టు మీద మూసుకుంది. ఎముక విరిగిన చప్పుడు ఫ్యాన్ల హోరులో కూడా వినపడింది. హ్యాండిల్ సగం లేచి ఆగిపోయింది. సర్వర్ పచ్చలైట్లు మిణుకుమన్నాయి, నిలబడ్డాయి.

'పంపబడింది.'

కాపలావాళ్లు వచ్చి తలుపు తీసేదాకా ఆమె అక్కడే వేలాడుతూ ఉంది. చేతులకు సంకెళ్లు పడుతుంటే అడిగింది. "ఎలా తెలిసింది?"

"పారేసేదాన్ని ఎవరూ అంత ప్రేమగా పట్టుకోరు. బాబాయ్‌ని అడిగితే చెప్పేవాడు, ఉండనిచ్చావు కాదు."

భుజానికి కట్టు కట్టించుకుని ముంగిస మళ్లీ హాల్లోకే వచ్చాడు. జవాబులు వస్తున్నాయి. ఒక్కొక్కరూ తమ కోడ్ మాట పంపి దారి పట్టారు. గడియారాల మనిషి గడి ఖాళీగానే ఉంది. దానికిందే అక్కది, అదీ ఖాళీగానే. చెయ్యడానికి ఇంకేమీ లేక కొత్త డ్రైవ్ తీశాడు. రెండోవాడు లేడు కాబట్టి నంబరు తనే పైకి చదివాడు, తనే గట్టిగా ఊఁ అన్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. డ్రైవ్‌ను లోపలికి నెట్టాడు. పచ్చలైటు వెలిగింది. మిగిలిన మూడింటిని అడిగి అడిగి అది తన ముక్కను కూడబెట్టుకోవడం మొదలుపెట్టింది.

పెద్దాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఎన్‌క్రిప్షన్ ఫైలు మీద ఇవాళ సంతకం అయింది" అన్నాడు.

"బాబాయ్ వాళ్లింటికి కాపీ పంపించండి సార్" అన్నాడు ముంగిస. పెద్దాయన తల దించుకుని వెళ్లిపోయాడు.

చీకటి పడబోతుండగా స్క్రీన్ కదిలింది. అక్క కోడ్ మాట 'గుండీ కుట్టేశాను'. అక్షరం పొల్లుపోకుండా అదే వచ్చింది. దాని పక్కన, ఏ కోడ్‌లోనూ లేని మాట ఇంకొకటి ఉంది. 'తిన్నావా?'

సంకేతాల్లో సొంతమాట చేర్చడం ఘోరమైన సెక్యూరిటీ ఉల్లంఘన. వెంటనే పైవాళ్లకు రిపోర్ట్ చేయాలని రూల్. ముంగిస రిపోర్ట్ చేయలేదు. క్యాంటీన్ ఇంకా తెరిచే ఉంటుందేమోనని వెళ్లాడు.