నలభయ్యో తల

"కార్తీకం నాలుగో రోజు విడత. ముప్పై తొమ్మిది తలలు కుదిరాయి. ఒక తల ఖాళీ. నింపండి," అంది కూర్పు గది యంత్రం మానిక.

తవిటయ్య వినిపించుకోనట్టు ఆరో రోజు విడత పేర్ల జాబితాను ముందుకు లాక్కున్నాడు. అందులో పనుంది. టెక్కలి వైపు నుంచి వచ్చే ఎనిమిది మంది కుటుంబంలో ఒక ముసలాయనకు మోకాళ్ళు పనిచేయవు. ఆయన్ని ఎగువ మడుగు చుట్టూ నడిపించడం కుదరదు. తెప్ప మీద దాటించాలి. పన్నెండు మంది ఉంటే గాని తెప్ప కదలదు. ఐదో రోజు నుంచి రెండు జంటలను ఆరుకు జరిపాడు. ఐదులో పడిన నాలుగు ఖాళీలను వేచినవాళ్ళ వరసలోంచి రెండు జంటలతో పూడ్చాడు. ఒక్కొక్క పేరు మీద బొటనవేలు ఆనించి పూచీ పడ్డాడు. ఈ మనిషి ఉన్నాడు, వస్తాడు అని విడతలు కూర్చే కూర్పరి పూచీ పడితేనే తల లెక్కకెక్కుతుంది.

ఏడుమడుగుల జాతీయవనంలో నీరు తలకు ఇంత అని లెక్క. ఏడాదికి పదకొండు రోజులు పడే వాన ఎగువ మడుగులో నిలుస్తుంది. దాన్నే ఋతువు పొడుగునా సర్దాలి. రోజూ పొద్దున పదింటికి మదుం తలుపు ఎత్తుతారు. నలభై తలల నీరు వదిలితే మేకదూకు జలపాతం ధార మూడు అంచులూ దిగి కింది మడుగును అంటుతుంది. ముప్పై తొమ్మిదికి అంటదు. మూడో అంచు దగ్గర విరిగి, పొగై, గాలికి పోతుంది. దానితోపాటే ముప్పై తొమ్మిది మంది ఎనిమిదేళ్ళ ఎదురుచూపూ పోతుంది. ఆ ఒక్క తల తగ్గకుండా చూడటమే కూర్పు గది పని. తవిటయ్య ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నాడు. ఒక్కసారి కూడా మేకదూకు చూడలేదు. లెక్కలో లేని మనిషి అటు అడుగు పెట్టడానికి లేదు, కూర్పరి అయినా సరే.

తంతి మోగింది. ఎవరో అతనికి తెలుసు.

"బావూ, నాను అసిరమ్మని. మందస కాడ నుంచి."

"నిన్న మాట్లాడావు కదమ్మా."

"మొన్నా మాట్లాడినాను, రేపూ మాట్లాడతాను. ఖాళీ ఏటైనా తేలిందేటి?"

"చూస్తున్నాం."

"సూస్తానే ఉండు. నాను సచ్చిపోనాక సీటీ పంపు. మా కోడలు సదువుకుంటాది."

వేచినవాళ్ళ వరసలో ఇప్పుడు మొదటి పేరు ఆవిడదే. ఒక్క తలగా రాయించుకుంది. ఒంటి ఖాళీ పడితేనే ఆవిడకు దారి.

"అక్కడ రాళ్ళు జారతాయంట గదా బావూ. సెప్పులు ఏ రకం తెచ్చుకోవాల?"

"రబ్బరు అడుగున్నవి."

"అవే కొన్నాను. కొని నాలుగేళ్ళయ్యింది. తోలు గట్టిపడి పోతన్నాయి, నాను మాత్రం ఎల్లలేదు. ఉంటాను."

ఖాళీ ఉంది. పన్నెండు రోజులుగా ఉంది. ఆ ఖాళీ పేరు దాలమ్మ.

ఎనిమిదేళ్ళ కిందట దాలమ్మ కూడా అలాంటి చెప్పులే కొంది. అటక మీద, కాగితంలో చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. ఆవిడ పుట్టింది కింది మడుగు పక్క ఊళ్ళో. ఊరు ఖాళీ అయినప్పుడు ఆవిడ చంకలో పిల్ల. మేకదూకు గురించి వాళ్ళ అప్ప చెప్పిన మాటలే తప్ప కంటితో చూసింది లేదు. తవిటయ్యను చేసుకుని ఈ కొండ వెనక ఉద్యోగుల ఇళ్ళకు వచ్చాక చెవితో విన్నది. పొద్దున పదయ్యేసరికి కొండ అవతల ఉరుము లేచేది. ఆవిడ గరిట ఎత్తినది ఎత్తినట్టే ఉంచి, వంటింటి కిటికీ దగ్గర ఆగిపోయేది. ఆగాక చెప్పేది, "ఇయాల నిండుదే" అని, లేకపోతే "ఇయాల ఒక తల తగ్గింది, కొరత" అని. మొదట్లో తవిటయ్య నవ్వేవాడు. తర్వాత ఆ రోజుల తలల పట్టీ తెచ్చి చూశాడు. ఒక్క రోజు కూడా తప్పు చెప్పలేదు.

ఉద్యోగుల జంటలకు కూడా వరస ఇస్తామన్న సంవత్సరం ఆవిడే కాగితం తెచ్చింది. "ఏటి తొందర, కొండ మన పెరట్లోనే ఉంది గదా" అన్నాడు తవిటయ్య. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని నీలాంటోడే అనుంటాడు" అంది దాలమ్మ. కాగితం బియ్యం డబ్బా మీద ఏడాది పడి ఉంది. మరుసటి ఏడు సంతకం పెట్టాడు. ఆ లెక్కన వాళ్ళ వంతు ఈ కార్తీకానికి వచ్చింది. ఏడాది ముందే పెడితే పోయిన కార్తీకానికి వచ్చేది.

దాలమ్మ చైత్రంలో పోయింది. మూడు రోజుల జ్వరం.

ఆ ఏడాది ఆలస్యం సంగతి తవిటయ్య ఎవరితోనూ అనలేదు. అనడానికి ఏముంది? తనను తాను తిట్టుకునేవాడికి పక్కవాడి సాయం అక్కర్లేదు.

మధ్యాహ్నం కూర్పు గది అధికారి మంగవేణి వచ్చి అతని బల్ల దగ్గర నిలబడింది. పాతికేళ్ళు చిన్నది. మైదానం పిల్ల. మనసు మంచిదే, నియమమే మరీ గట్టిది.

"బాబాయ్ గారూ, నాలుగో రోజుకు ఇవాళే గడువు. సాయంత్రం మదుం వాళ్ళకు సంఖ్య పంపాలి."

"తెలుసు."

"వరసలో మొదట ఎవరో పెద్దావిడ ఉంది. ఆవిడ్ని వేసేయండి. మీ పక్కన ఎవరో ఒకరు నిలబడతారు, అంతే కదా."

"అంతే. నీ పెళ్ళినాడు పీటల మీద నీ పక్కన ఎవరో ఒకరు కూర్చుంటే సరిపోయేదా అమ్మా?"

మంగవేణి ముఖం ఎర్రబడింది. "నింపకపోతే మిగతావాళ్ళకు ధార అంటదు. వాళ్ళేం చేశారు పాపం?"

"వాళ్ళేం చేయలేదు. చేసినవాణ్ణి నేను."

ఆవిడకు అర్థం కాలేదు. సాయంత్రం ఐదింటి లోపల అని చెప్పి వెళ్ళిపోయింది.

ఎండ బల్ల మీంచి గోడ మీదికి జరిగేదాకా తవిటయ్య కూర్చున్నాడు. తన పక్కన మందస ముసలమ్మ నిలబడుతుంది. కొత్త చెప్పులు వేసుకుని, దాలమ్మ నిలబడాల్సిన రాయి మీద. ఆవిడను ద్వేషించాలని చూశాడు. కుదరలేదు. ఆవిడ సంతకం ఆలస్యం చేయలేదు.

"నాలుగో రోజు విడత. ఒక తల ఖాళీ. నింపండి," అంది మానిక.

"తవిటయ్య పేరు తీసెయ్."

"తీశాను. రెండు తలలు ఖాళీ."

"ఆ జాగాలో అసిరమ్మను వెయ్. మందస. పూచీ." బొటనవేలు ఆనించాడు.

"వేశాను. ఒక తల ఖాళీ."

"ఖాళీ లేదు. దాలమ్మ వస్తుంది."

మానిక పట్టీలు వెతికింది. "మరణ పట్టీలో దాలమ్మ పేరు చైత్రం నుంచి ఉంది."

"ఉంది."

"పట్టీ తప్పా?"

ఒకప్పుడు మానిక పట్టీ చూసి తలలు కొట్టేసేది. ఆ పట్టీలో బతికున్నవాళ్ళ పేర్లు కూడా ఉండేవి. ఒకావిడ తన మరణ పత్రాన్ని చేత్తో పట్టుకుని, నన్ను చూసి చెప్పండి అంటూ గేటు ముందు కూర్చుంది. అప్పటి నుంచి నియమం మారింది. పట్టీ ఏం చెప్పినా కూర్పరి పూచీదే పైచేయి. ఆ పూచీ అబద్ధమని తేలితే కూర్పరి బొటనవేలు చెల్లదు. ఉద్యోగం పోతుంది. బతికినంత కాలం ఏ వరసలోనూ పేరు ఉండదు. మేకదూకు ఇక చూసేదే లేదు.

"పట్టీ సంగతి నన్నడక్కు. దాలమ్మ వస్తుంది. పూచీ నాది," అన్నాడు తవిటయ్య.

బొటనవేలు ఆనించాడు. సంతకం ఆ ఏడాదే ఇంత తొందరగా పెట్టి ఉంటే బాగుండేది.

"నలభై తలలు కుదిరాయి," అంది మానిక.

ఆ వెంటనే తంతి తీసి మందసకు కలిపాడు. "అసిరమ్మా, నాలుగో రోజు. మూడో రోజు పొద్దున్నే వచ్చి ఎగువ మడుగు చూసుకో, మర్నాడు ధార."

"ఎవులు సచ్చిపోనారు బావూ?" అంది ముసలమ్మ.

"అది నీకెందుకు? ఒకటి మాత్రం చెయ్యి. నీ ఎడమ పక్కన ఒక మనిషి పట్టే జాగా వదులు. ఎవరైనా జరగమంటే జరక్కు."

"ఎవులిదా జాగా?"

"నా ఆడమనిషిది."

"అలాగే," అంది అసిరమ్మ.

నాలుగో రోజు పొద్దున తవిటయ్య పనికి వెళ్ళలేదు. వంటింట్లో పొయ్యి ముట్టించలేదు. పదికి ఇంకా చాలా ఉండగానే కిటికీ దగ్గర, ఆవిడ నిలబడే చోట నిలబడ్డాడు. అక్కడ నేల కొంచెం అరిగి ఉంది. ఇన్నేళ్ళూ గమనించలేదు.

పదింటికి కొండ అవతల ఉరుము లేచింది. చెవి పెట్టి విన్నాడు. ఊపిరి బిగపట్టి విన్నాడు. పైన ఒక మోత, దాని కింద ఇంకో మోత. మూడోది ఉందా? ఉన్నట్టే ఉంది. లేనట్టూ ఉంది. పదకొండు నిమిషాలకు మదుం దించారు. కొండ మామూలు కొండ అయిపోయింది.

నిండుదో కొరతదో అతనికి తెలియలేదు. ఆ చెవి ఆవిడది. ముప్పై ఏళ్ళు పక్కనే ఉండి, ఎలా వినాలో ఒక్కసారైనా అడగలేదు.

రెండు గంటల తర్వాత వాకిట్లో ఎవరో దగ్గారు. సన్నగా, వంగిపోయిన ముసలమ్మ. కోక నలిగి ఒంటికి అంటుకుని ఉంది.

"తవిటయ్య ఇల్లిదేనా? గేటు కాడ సింహాద్రి సెప్పినాడు. కోకలో నీల్లు బయటికి పట్టుకెల్లకూడదంట. నన్ను నిలబెట్టి మరీ పిండించీసినారు బావూ, ఉతికిన గుడ్డ పిండినట్టు."

"కూర్చో."

"కూకోను. బండి ఎల్లిపోద్ది." గడపకు ఆనుకుని నిలబడింది. "సింహాద్రి తలలు లెక్కెట్టినాడు. మా అయ్య దాన్నెం కొలిసినట్టే, ఒకటి అన్లేదు, లాభం అని మొదలెట్టినాడు. లాభం, రెండు, మూడు అనుకుంటా ముప్పై తొమ్మిదికి నన్ను గేటు కాడ తలలు తూసే తూకపు రాయి దాటించినాడు. నా ఎనకాల ఎవులూ లేరు. కాయితం సూసినాడు. నలబై అన్నాడు. అనీసి ఆగినాడు బావూ. ఒక మనిసి ఆ రాయి దాటడానికి ఎంతసేపు పడతాదో అంతసేపూ ఆగి, అప్పుడు గేటేసినాడు."

తవిటయ్య ఆవిడ కాళ్ళకేసి చూశాడు. రబ్బరు అడుగు చెప్పులు. నాలుగేళ్ళయినా కొత్తవే. తడిసి నల్లగా ఉన్నాయి.

"అంటిందా?" అని అడిగాడు.

"ఏటి?"

"ధార. కింది మడుగును అంటిందా?"

"అంటడమేటి! కొట్టింది. సిన్నప్పుడు మా ఊరికి ఇనిపించేది, అదే మోత. జాగా వొదిలినాను. ఒకాయన జరగమన్నాడు. మనిసుంది కనిపించట్లేదేటి అన్నాను. జరిగిపోనాడు." ముసలమ్మ కొంగు అంచు వేళ్ళతో నొక్కి చూసుకుంది. మడతలో తడి ఇంకా మిగిలింది. ఆ వేళ్ళు తవిటయ్య అరచేతికి రాసింది. "పిండినప్పుడు ఈ మూల దాసినాను. నీకు."

అతను చెయ్యి మూయలేదు. తెరిచి పట్టుకునే నిలబడ్డాడు, ఆరిపోయేదాకా. ఆ లోపల ముసలమ్మ వెళ్ళిపోయింది.

మర్నాడు కూర్పు గదిలో మంగవేణి తలుపు వేసి మాట్లాడింది.

"తూకపు రాయి మీద ముప్పై తొమ్మిది. వదిలిన నీరు నలభైకి. ఆ తల ఎక్కడని రాత్రంతా మానిక నన్ను అడుగుతూనే ఉంది బాబాయ్ గారూ. ఒక్క మాట చెప్పండి, పొరపాటున వేలు పడిందని. ఆ పూచీ చెరిపేస్తాను. మీ ఉద్యోగం ఉంటుంది."

"పొరపాటు కాదు."

"మీకు తెలియదు. చెరపని పూచీ నిలిచిపోతుంది. నిలిచిన పూచీ చూసే మానిక తర్వాత విడతలు నేర్చుకుంటుంది."

"నేర్చుకోనీ."

"ఆ మందస ఆవిడ బండిలో ఎవరెవరికి చెప్పిందో గాని, పొద్దుటి నుంచి పదిహేడు మంది తంతి చేశారు. ఒకాయన వాళ్ళమ్మను రాయమంటాడు. ఒకావిడ పెళ్ళికి ముందే పోయిన అక్కను రాయమంటుంది. మడుగులో ఉన్నది బతికున్నవాళ్ళకే చాలదు. ఏం చెప్పమంటారు నన్ను?"

ఆవిడ అన్నది నిజమే. నీరు చాలదు.

"నాకు తెలియదమ్మా," అన్నాడు. "నా దగ్గర ఒకటే ఉంది. నా జాగా. అది ఇచ్చేశాను. వాళ్ళ దగ్గర ఏముందో వాళ్ళను అడుగు."

మంగవేణి కాగితం ముందుకు తోసింది. బొటనవేలు చెల్లదన్న కాగితం. కింద సంతకం పెట్టాలి. తవిటయ్య చదవకుండానే పెట్టాడు.

బల్ల దగ్గరకు వచ్చి కళ్ళద్దాలు, అన్నం డబ్బా, ఎండకు కప్పుకునే తుండు తీసుకున్నాడు. ఆ బల్ల దగ్గర అప్పుడే కొత్త కూర్పరి కూర్చుంది. పదకొండో రోజు విడత ముందేసుకుని ఉంది. తవిటయ్య తలుపు దాకా వెళ్ళాడు.

"కార్తీకం పదకొండో రోజు," అంది మానిక. "ముప్పై తొమ్మిది తలలు కుదిరాయి. ఒక తల ఖాళీ."

కొత్త పిల్ల వేచినవాళ్ళ వరస తెరిచి, నింపండి అన్న మాట కోసం చూస్తోంది. ఆ మాట రాలేదు. తవిటయ్య గడప మీద ఆగాడు. గదిలో అందరూ తలెత్తారు.

"ఆ జాగా ఎవరిది?" అంది మానిక.