ఐసు నూకయ్యకి గురిపెట్టిన తుపాకి

విశాఖ హోటల్లో పరీక్షాధికారి శవం దొరికిన మర్నాడే ఏజెంట్ విజయకుమార్‌కి పిలుపొచ్చింది.

"మనిషి లేకుండా నడిచే యుద్ధపడవ. రేపు ఓడలరేవులో ట్రయల్," అన్నాడు చీఫ్. "చేసినవాళ్ళు బాగుందంటారు. వాడేవాళ్ళు కావాలంటారు. నిజంగా పనికొస్తుందో లేదో తేల్చేది మూడో మనిషి, పరీక్షాధికారి. ఆ సంతకం లేకపోతే పడవ నేవీలో చేరదు. శత్రువు ఒకణ్ణి చంపేశాడు. ఇప్పుడు రెండో అధికారి కోసం వెతుకుతున్నాడు."

"ఎవరు సార్ ఆ అధికారి?"

"నీకూ చెప్పను. మాధురి మీద కన్నేసి ఉంచు. మన మనిషే. వాళ్ళ మనిషి కూడా. ఆమె గాజులో మైకు పెట్టించాం."

మర్నాడు ఉదయం తొమ్మిది. విజయకుమార్ ఖాకీ చొక్కాతో ఆటోలో కూర్చున్నాడు. చెవిలో ఇయర్‌పీస్. రొయ్యల ఎగుమతిదారు వేషంలో, పట్టుచీరా నల్లకళ్ళద్దాలతో మాధురి ఇసుకలో తిరుగుతోంది. ఎలీసమ్మ టీ బడ్డీ దగ్గర ఆగి దారి అడిగింది.

"ఆయ్, ఇటు రండమ్మా," అన్నారు జాలర్లు.

రేవులో ఐసు దింపే ముసలి నూకయ్య యుద్ధపడవ ఇంజనీరుని కసిరాడు. "ఆ తాడు అలా లాగితే తెగుద్దండి బాబూ! తప్పుకోండి."

అమలాపురం కుర్రాడైన ఇంజనీరు వెంటనే వెనక్కి జరిగాడు. "ఆయ్, నూకయ్యగారూ!"

పక్కనున్న నేవీ మనిషీ నూకయ్యతో అదే మాట అన్నాడు. మాధురి పెదవి వంకర తిరిగింది. కోనసీమలో పై అధికారికే 'ఆయ్' అంటారని ఆమెకి ట్రైనింగులో నేర్పారు.

ఇయర్‌పీస్ గరగరలాడింది. మాధురి గొంతు. "ఐసు మనిషే. గెల దింపెయ్."

గెల దింపడమంటే చంపడమే. రాజోలులో పుట్టిన విజయకుమార్ ఆటోలోంచి కిందికి దూకాడు. దూరంగా చేపలబోటులో తుపాకి మెరిసింది. పరుగెత్తే వ్యవధి లేదు.

"నూకయ్యగారూ! కాళ్ళకాడ పామండోయ్!"

నూకయ్య ఎగిరి పక్కకి దూకాడు. తూటా ఐసుపెట్టెని పగలగొట్టింది. బోటు వెనుదిరిగి పారిపోసాగింది.

టీ పోస్తున్న ఎలీసమ్మ కెటిల్ కింద పెట్టి, ఇంజనీరు చేతిలోంచి రేడియో లాక్కుంది.

"ట్రయల్ ఇప్పుడే మొదలు. టార్గెట్ ఆ బోటు. ప్రాణంతో కావాలి."

నాలుగు నిమిషాల్లో యుద్ధపడవ ఆ బోటుకి అడ్డం తిరిగింది. అందులోవాడు చేతులెత్తేశాడు.

విజయకుమార్ బేడీలు వేస్తుంటే మాధురి పళ్ళు కొరికింది. "అందరూ ఆ ముసలాడికే 'ఆయ్' అన్నారు!"

"పొద్దున్నుంచీ తమరికీ అన్నారు కదండీ. వినబళ్ళేదా?"

ఎలీసమ్మ ట్రయల్ కాగితాల మీద సంతకం పెట్టి కలం మూసింది. నూకయ్య ఇసుక దులుపుకుంటూ వచ్చాడు.

"టీ చల్లారిపోయిందమ్మా. మళ్ళీ కాస్త వేడి చేసిపెడతారా?"

"ఆయ్," అంది పరీక్షాధికారి.