ఆరు కిలోల సంచి

సకల జనుల సమ్మెకు బస్సులు డిపోల్లోనే ఉండిపోయిన రోజులవి. జగిత్యాల కాలేజీ పిల్లలు పదిమంది తెలంగాణ కోసం సైకిళ్ల మీద పది జిల్లాలూ తిరిగి రావాలనుకున్నారు. నెల రోజుల యాత్ర. మనిషికి ఆరు కిలోల సంచి, అంతకు మించితే ఇంటికే. ఈ చట్టం చేసింది సిరిసిల్ల పిల్ల హేమలత. స్ప్రింగు కాటా పట్టుకుని కాలేజీ గేటు దగ్గర నిలబడింది కూడా ఆమే.

కోరుట్ల నుంచి పొద్దున్నే తొక్కుకుంటూ వచ్చిన అభిలాష్ సంచి తొమ్మిది కిలోలు తూగింది.

"ఇస్త్రీపెట్టె ఎందుకు?"

"ఊరూరా మీటింగులున్నయి గద. ముడతల అంగీతోని పోతమా?"

"తీసెయ్. మూడు జీన్స్ ప్యాంట్లు కూడనా? వానకు నానితే ఒక్కొక్కటి బండరాయే. రెండు తీసెయ్."

తీసేశాడు. ముల్లు ఇంకా ఆరు దాటి కొంచెం ఉంది.

"నేను మెసేజ్ పెట్టినవి తెచ్చినవా?"

"తెచ్చిన. నాలుగు."

"నాలుగెందుకు? రెండు చాలు. లైట్‌గుండాలె."

అభిలాష్ గోడ పక్కకు వెళ్లి, నోరు ఎర్రగా చేసుకుని వచ్చాడు. ఈసారి ముల్లు సరిగ్గా ఆరు మీద ఆగింది. హేమలతకు ఆ ఎరుపు సంగతి పట్టలేదు.

నిజానికి అతనికి తెలంగాణ మీద ఎంత ప్రేమో హేమలత మీదా అంతే. రెండేళ్లుగా ఒకే క్లాసు, ఒక్క మాట చెప్పింది లేదు. యాత్ర అయిపోగానే ఆమెకు సంబంధాలు చూస్తారని విన్నాడు. ఈ నెలలో ఎక్కడో ఒకచోట, ఆదిలాబాద్‌లోనో పాలమూరులోనో చెప్పేయాలి. లేదంటే ఇక లేదు.

వేములవాడ దాటాక వాన పట్టుకుంది. సాయంత్రానికి అందరూ తడిసి ముద్దై సిరిసిల్లలో హేమలత ఇంటి ముందు దిగారు. ఆమె సైకిల్ వెనక చక్రం వదులై ఊగుతోంది. అక్కడే కూర్చుని, తల ఎత్తకుండా చెయ్యి చాపింది.

"అభిలాష్, అవి తియ్యి."

అతను పేపరు పొట్లం అందించాడు. విప్పితే రెండు మీఠా పాన్లు.

"ఇవేంది?"

"నువ్వే పెట్టినవ్ గద, పాన్లు మర్వకు అని."

"పానలు! నట్లు విప్పే పానలు!"

ఇంగ్లీషు అక్షరాల్లో తొందరగా 'panlu' అని కొట్టిన మెసేజ్‌లో రెండింటికీ తేడా లేకపోయింది. అందరూ పగలబడి నవ్వారు. హేమలత తల్లి శంకరవ్వ మాత్రం నవ్వలేదు.

"ఆకు, వక్క పట్టుకొని పెండ్లి కావల్సిన పిల్ల ఇంటికొస్తరా పిలగా? పిల్లనడగ వచ్చేటోళ్లు జేసే పని గది."

అభిలాష్ ముఖం మీది వాన నీళ్లు తుడుచుకున్నాడు. "తెల్వక తెచ్చిన అవ్వా," అన్నాడు. హేమలత వైపు చూసి, "తెలిసినా తెచ్చేటోణ్ణే," అన్నాడు.

హేమలత చక్రాన్ని ఊరికే తిప్పుతూ కూర్చుంది. వద్దని మాత్రం అనలేదు. ఆమె తండ్రి బాలకిషన్ అది చూశాడు.

"మీ నాయినేం జేస్తడు?"

"మార్కెట్ల హమాలీ, కాకా." అలవాటుగా బాబాయి వరస కలిపేశాడు అభిలాష్.

"నేను గూడ ఒకరి కరెంటు సాంచెల మీద కూలికి బట్ట నేసేటోణ్ణే." ఆయన లోపలికి వెళ్లి నూనెకు నల్లబడ్డ పాన ఒకటి తెచ్చాడు. "సాంచె నట్లు విప్పేది. సైకిల్‌కు గూడ పనికొస్తది. నెల అయినంక నువ్వే తెచ్చియ్యాలె."

చక్రం బిగించాక హేమలత అలవాటు కొద్దీ అతని సంచిని, పానతో సహా, కాటాకు తగిలించింది. ఆరుంబావు. కాటా పక్కన పెట్టింది. తన సంచిలోని పౌడరు డబ్బా తీసి తల్లి చేతికిచ్చి, ఆ జాగాలో పాన పెట్టుకుంది.

"తప్పకుండ తెస్త కాకా," అన్నాడు అభిలాష్.

బాలకిషన్ ఒక పాన్ నోట్లో పెట్టుకుని, రెండోది బిడ్డ చేతిలో పెట్టాడు.

"తెచ్చినప్పుడు గీ కాకా అనుడు బంద్ చెయ్యి," అన్నాడు నములుతూ.